చీటీ లేని సీసా: శ్రీకాకుళం, విజయనగరం నుంచి ప్రకృతి మ్యూజియం ఉద్యోగానికి ఎలా వెళ్ళాలి

సంక్రాంతికి ఇంటికి వచ్చిన ప్రతిసారీ మా వీధిలో డిగ్రీ చదివే పిల్లలు ఎవరో ఒకరు అడుగుతారు: "అన్నా, నీ ఉద్యోగానికి ఏం చదవాలి?" వెనకాలే వాళ్ళ అమ్మ అడుగుతుంది: "మ్యూజియంలో రోజంతా ఏటి చేస్తారు బాబూ?" రెండో ప్రశ్నకు జవాబు తెలిస్తేనే మొదటి ప్రశ్నకు జవాబు అర్థమవుతుంది. నేను ఎచ్చెర్ల పక్క ఊళ్ళో పుట్టి, జువాలజీ చదివి, తొమ్మిదేళ్ళుగా ప్రకృతి మ్యూజియాల్లో పనిచేస్తున్నాను. నాకు తెలిసిన దారి వరసగా చెబుతాను. కొన్ని అడుగుల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే కొత్తవాళ్ళు తడబడేది అక్కడే.

ముందు, అద్దం వెనక ఏం జరుగుతుందో తెలుసుకోండి

చూడ్డానికి వచ్చినవాళ్ళకు కనిపించేది మ్యూజియంలో చిన్న భాగం. అద్దాల వెనక గదుల్లో బీరువాల నిండా ఎండబెట్టిన మొక్కలు, సూదులు గుచ్చిన పురుగులు, స్పిరిట్ సీసాల్లో చేపలు, ఎముకలు, రాళ్ళు ఉంటాయి. వాటిని పాడవకుండా చూసి, రిజిస్టర్‌లో ఎక్కించేవాళ్ళు కొందరు. వాటి మీద పరిశోధన చేసేవాళ్ళు కొందరు. అడవినో సముద్రాన్నో ఒక గదిలో కట్టి చూపించే బొమ్మలు, పెయింటింగులు, నమూనాలు తయారుచేసేవాళ్ళు కొందరు. వచ్చిన పిల్లలకు వాటిని వివరించేవాళ్ళు ఇంకొందరు. ఈ నాలుగింటిలో మీ చేయి దేనికి సరిపోతుందో ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. నాలుగూ ఉన్నాయని గుర్తుంటే చాలు. సైన్సు చదవనివాళ్ళకు కూడా ఇక్కడ చోటు ఉంది. వినాయక చవితికి మట్టితో చక్కగా విగ్రహం చేయగలిగిన కుర్రాడు, ఫైన్ ఆర్ట్స్‌లో డిగ్రీ చేస్తే, ఎలుగుబంటి నమూనా చేయడానికి నాకంటే వందరెట్లు పనికొస్తాడు.

రెండో అడుగు: ఒక పెన్సిల్, ఒక నోటుబుక్కు కొనండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. నా మొత్తం ఉద్యోగం దీని మీదే నిలబడింది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

డిగ్రీ రెండో సంవత్సరంలో కళింగపట్నం తీరంలో వారాల తరబడి తిరిగి పీతలు, గవ్వలు, నత్తలు పోగుచేశాను. కాలేజీ ల్యాబులో స్పిరిట్ అడిగి తీసుకుని పద్నాలుగు సీసాల్లో పెట్టాను. ఒక్కో సీసాలో ఒక్కో చీటీ, ఏ జీవి, ఎక్కడ, ఎప్పుడు అని బాల్ పెన్నుతో నీటుగా రాసి వేశాను. నెల తర్వాత చూస్తే స్పిరిట్ లేత నీలంగా మారింది, చీటీలు తెల్లగా ఉన్నాయి. సిరా అంతా కరిగిపోయింది. ఏ పీత వంశధార మొగ దగ్గర దొరికిందో, ఏది లైట్‌హౌస్ వైపు రాళ్ళలో దొరికిందో చెప్పలేకపోయాను. మా సార్ ఒక్క మాట కూడా తిట్టకుండా, "చీటీ లేని నమూనా నమూనా కాదురా, చచ్చిన పీత" అన్నారు. ఆ పద్నాలుగు సీసాలూ ఖాళీ చేసి కడిగింది నేనే.

అందుకే చెబుతున్నాను. సీసాలో వేసే చీటీ పెన్సిల్‌తో, దళసరి కాగితం మీద రాయండి. పెన్సిల్ గీత స్పిరిట్‌లో కరగదు. చీటీ సీసా బయట అంటించడం కాదు, లోపలే ఉండాలి. బయటి జిగురు ఎప్పుడో ఊడిపోతుంది.

ఏం రాయాలి? మీ తర్వాత వందేళ్ళకు ఎవరైనా ఆ చీటీ చదివి, నేరుగా అదే చోటికి వచ్చి నిలబడగలగాలి. "శ్రీకాకుళం దగ్గర" అంటే ఎవరికీ పనికిరాదు. "శ్రీకాకుళం జిల్లా, గార మండలం, కళింగపట్నం, వంశధార మొగకు దక్షిణాన ఇసుక గట్టు, అలల గీతకు పది అడుగుల పైన" అంటే పనికొస్తుంది. తారీఖులో నెలను అంకెతో కాకుండా పేరుతో రాయండి. 5-6 అంటే మేనా జూనా అని ముప్పై ఏళ్ళ తర్వాత ఎవరిని అడుగుతారు? ఆ తర్వాత మీ పేరు. ఆ జీవి అప్పుడు ఏం చేస్తోంది, ఏ చెట్టు మీద ఉంది, నేల తడిగా ఉందా పొడిగా ఉందా అన్నది. చివరగా, అక్కడివాళ్ళు దాన్ని ఏమని పిలుస్తారో అన్నది.

ఆ ఆఖరి ముక్కను తేలిగ్గా తీసుకోకండి. పద్దెనిమిదో శతాబ్దం చివర పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో ఉండి మన తీరంలోని పాములను పోగుచేశాడు. 1796లో అచ్చయిన ఆయన పుస్తకంలో పాముల పక్కన మన తెలుగు పేర్లే ఉంటాయి. తర్వాత ఆయన పేరే పెట్టిన రసెల్స్ వైపర్‌ను, అంటే రక్తపింజరను, ఆయన రాసుకున్నది "కాటుకరేకుల పొడ" అని. కట్లపాము జాతికి శాస్త్రవేత్తలు పెట్టిన బంగారస్ అనే పేరు కూడా మన "బంగారు" అనే మాట నుంచి వచ్చిందే. పేరు తెలియని ఏ రైతో, ఏ పాములవాడో ఆయనకు చెప్పిన మాట ఈరోజు ప్రపంచమంతా వాడుతున్నారు. మీ నోటుబుక్కులో మీ నాయనమ్మ చెప్పిన పేరు కూడా రాయండి.

ఇలా రోజుకు ఒక్క జీవి గురించి, ఒక ఏడాది పాటు రాయండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కంటే ముందు ఆ నోటుబుక్కు చూపించండి.

ఏది ముట్టుకోకూడదో తెలుసుకోండి

ఉత్సాహం ఎక్కువై కొందరు పిల్లలు గూళ్ళు, గుడ్లు, ఎముకలు ఇంటికి తెచ్చేస్తారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రక్షణ ఉన్న జంతువును పట్టుకోవడమే కాదు, చచ్చిపోయినదాని చర్మం, ఎముక, గుడ్డు అనుమతి లేకుండా దగ్గర పెట్టుకోవడం కూడా నేరమే. మన తీరానికి కొట్టుకొచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు డొప్పను ఎంత ముచ్చటగా ఉన్నా తీసుకెళ్ళకండి. ఫొటో తీసి, చోటు, తారీఖు రాసుకుని, అటవీ శాఖకు కబురు చేయండి. శ్రీకూర్మం గుడిలో కనిపించే నక్షత్ర తాబేలు పొలంలో దొరికినా అంతే, ఇంట్లో పెంచుకోకూడదు. చర్మం ఒలిచి బొమ్మ నింపే టాక్సిడెర్మీ పనికి లైసెన్సు ఉండాలి. ఆ పని మీద ఇష్టం ఉంటే, 2009లో ముంబయిలోని సంజయ్ గాంధీ నేషనల్ పార్కులో మొదలైన టాక్సిడెర్మీ కేంద్రం గురించి తెలుసుకోండి.

మరి ఇంట్లో దేని మీద చేయి తిప్పుకోవాలి? మొక్కల మీద.

మూడో అడుగు: మీ ఊరి మొక్కలు యాభై ఎండబెట్టండి

మీ పొలం గట్టు మీద, మీ పెరట్లో ఉన్నవే చాలు. తంగేడు, తుమ్మి, ఉమ్మెత్త, పల్లేరు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు వాళ్ళయితే మొగలి, జీడి. పూత, కాయ రెండూ ఉన్న కొమ్మను అడుగు పొడవున కోయండి. చిన్న మొక్కయితే వేరుతో సహా పెకలించి మట్టి కడగండి. పాత పేపర్ల మధ్య పరిచేటప్పుడు ఒక్క ఆకునైనా వెనక్కి తిప్పి పెట్టండి. ఆకు అడుగుభాగంలోని నూగు, ఈనెలు చూస్తే తప్ప కొన్ని మొక్కలను పోల్చుకోలేం. పైన చెక్క పెట్టి, దాని మీద రుబ్బురోలు పొత్రమో ఇటుకలో బరువు పెట్టండి.

ఇక్కడే అందరూ బద్ధకిస్తారు. పేపరు రోజూ మార్చాలి. మన దగ్గర ఆషాఢం, శ్రావణంలో గాలి నిండా చెమ్మ కాబట్టి మొదటి మూడు రోజులు పూటపూటకూ మార్చాలి. ఒక్క రోజు మరిచిపోతే ఆకు నల్లబడి బూజు పడుతుంది. తీసిన పేపర్లు ఎండలో ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. జిల్లేడు, బ్రహ్మజెముడులాంటి రసం ఎక్కువున్న మొక్కలు వారం కాదు, మూడు వారాలైనా పడతాయి. మొదట్లో వాటి జోలికి పోకండి. గలగలమనేంతగా ఎండాక 42 సెంటీమీటర్ల పొడవు, 29 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న దళసరి తెల్ల షీటు మీద దారంతో కుట్టండి. కుడివైపు కింద మూలలో చీటీ. సెల్లోటేపు మాత్రం వద్దు. రెండేళ్ళకు పసుపు పచ్చగా మారి, అంటించిన చోటు ఆకుతో సహా ఊడి వస్తుంది.

యాభై షీట్లు పూర్తయ్యేసరికి రెండు సంగతులు తెలుస్తాయి. ఓపిక మీకు ఉందా లేదా అన్నది ఒకటి. మీ ఊళ్ళో మీకు పేరు తెలియని మొక్కలు ఎన్ని ఉన్నాయో అన్నది రెండోది. పేర్లు తెలియకపోతే మీ పంచాయతీలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉందేమో అడగండి. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి ఊరి మొక్కలు, జంతువులు, వాటి మీద ఊరివాళ్ళకున్న జ్ఞానం అందులో రాయాలి. కొన్ని చోట్ల అది అల్మారాలోంచి బయటకే రాదు. మీరు అడగడం వల్ల బయటకు వస్తే అదీ మంచిదే. కొండ ప్రాంతానికి వెళ్ళి సవరలను, జాతాపులను మొక్కల పేర్లు అడిగితే, ఎవరు చెప్పారో వాళ్ళను అడిగి, ఒప్పుకుంటే వాళ్ళ పేరు కూడా చీటీ మీద రాయండి. ఆ జ్ఞానం వాళ్ళది.

నాలుగో అడుగు: చదువు

ఇంటర్‌లో బైపీసీ, డిగ్రీలో జువాలజీ, బాటనీ, జియాలజీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లలో ఏదైనా పనికొస్తుంది. విజయనగరం మహారాజా కాలేజీలో చదివినా, శ్రీకాకుళంలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చదివినా ఫరవాలేదు. మీ డిపార్ట్‌మెంట్‌లో పాత నమూనాల గది ఒకటి ఉంటుంది, తలుపు తెరిస్తే ఫార్మలిన్ (నమూనాలు కుళ్ళకుండా వాడే మందు) వాసన వచ్చేది. చాలాచోట్ల దానికి తాళమే ఉంటుంది. ఆ గదిని శుభ్రం చేసి జాబితా రాస్తామని మీ లెక్చరర్‌ను అడగండి. కాదనేవాళ్ళు తక్కువ. మీ మొదటి మ్యూజియం అనుభవం అదే అవుతుంది.

పీజీకి రెండు దారులు. ఒకటి మీ సబ్జెక్టులోనే ఎమ్మెస్సీ, దగ్గరలో ఆంధ్రా యూనివర్సిటీ ఉండనే ఉంది. రెండోది మ్యూజియాలజీ, అంటే మ్యూజియం నడిపే విద్య. ఇది మన దగ్గర అంతగా తెలియదు. బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో 1952 నుంచీ ఉంది. కలకత్తా విశ్వవిద్యాలయంలో 1959 నుంచీ ఉంది. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో, అలీగఢ్‌లో, నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కూడా చదవొచ్చు. నా సలహా అడిగితే, ప్రకృతి మ్యూజియం మీదే మనసున్నవాళ్ళు ముందు సైన్సులో ఎమ్మెస్సీ చేసి, తర్వాత మ్యూజియాలజీ నేర్చుకోవడం మంచిది. పురుగును పోల్చడం రానివాడికి బీరువా ఎలా సర్దాలో నేర్పినా ప్రయోజనం సగమే. నాతో పనిచేసేవాళ్ళలో ఇందుకు ఒప్పుకోనివాళ్ళు ఉన్నారు. వాళ్ళ వాదన కూడా వినండి.

ఐదో అడుగు: ఒక మంచి మ్యూజియం చూడండి, ఒకే మ్యూజియం రెండుసార్లు

పెద్ద ప్రకృతి మ్యూజియం అంటూ మన రెండు జిల్లాల్లో లేదు. కానీ మనకు ఒక వీలుంది. దేశంలో ఉన్న కొద్ది ప్రాంతీయ ప్రకృతి మ్యూజియాల్లో ఒకటి భువనేశ్వర్‌లో ఉంది, మైసూరు, భోపాల్‌లలో ఉన్నవాటిలాగే. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లోనో, విజయనగరంలోనో, పలాసలోనో రైలెక్కితే చాలు. సోమవారం మాత్రం వెళ్ళకండి, సాధారణంగా సెలవు. అక్కడ తిమింగలం అస్థిపంజరం చూసి నోరు తెరవడానికి మొదటిసారి వెళ్ళండి. రెండోసారి వెళ్ళినప్పుడు తిమింగలాన్ని చూడకండి, తిమింగలాన్ని చూస్తున్నవాళ్ళను చూడండి. ఒక మూల అరగంట కూర్చుని, పిల్లలు ఎక్కడ ఆగుతున్నారు, ఏ బోర్డు దగ్గర ఒక్క క్షణం కూడా నిలబడకుండా పోతున్నారు, నాన్నలు పిల్లలకు ఏం తప్పు చెబుతున్నారు అన్నవి రాసుకోండి. ఇంటర్వ్యూలో "మా మ్యూజియం చూశారా?" అని అడిగినప్పుడు ఆ అరగంట అక్కరకొస్తుంది.

ఇచ్ఛాపురం దాటగానే గంజాం జిల్లా గోపాల్‌పూర్‌లో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (దేశంలోని జంతువుల మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ) వారి నదీముఖ జీవశాస్త్ర కేంద్రం ఉంది. ముందుగా ఉత్తరం రాసి, అనుమతి తీసుకుని, కాలేజీ తరఫున వెళ్ళండి. ఎప్పుడైనా హైదరాబాదు వెళ్తే బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్‌ను చూడండి. యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలతో నిలబెట్టిన డైనోసార్ అది, తెలుగు నేల పేరే పెట్టుకుంది.

ఆరో అడుగు: జీతం లేని పని కొంత చేయండి, ఎంతవరకో ముందే అనుకుని

అక్టోబరు 2 నుంచి 8 వరకు వన్యప్రాణి వారోత్సవాలు, మే 18న అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం. ఈ రెండు సందర్భాల్లో అటవీ శాఖకు, మ్యూజియాలకు మనుషులు కావాలి. చలికాలం చివర నుంచి ఎండాకాలం దాకా మన తీరంలో తాబేళ్ళ గుడ్లను కాపాడే హేచరీలు నడుస్తాయి. గుడ్లు పిల్లలవడానికి నలభై అయిదు నుంచి అరవై రోజులు పడుతుంది. రాత్రిళ్ళు తీరం వెంట నడవగలిగితే ఎవరూ వద్దనరు.

అన్నిటికంటే మంచి బడి మాత్రం టెక్కలి దగ్గర తేలినీలాపురం. గూడబాతులు (పెలికన్లు), ఎర్రకాళ్ళ కొంగలు (పెయింటెడ్ స్టార్క్‌లు) ఏటా వచ్చి ఊళ్ళో చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. మొదటిసారి నేను వెళ్ళినప్పుడు ఒక ముసలాయన చెట్టు పైకి చూపించి, "ఇవి మా ఆడపడుచులు బాబూ, పురుడు పోసుకోడానికి పుట్టింటికి వచ్చాయి" అన్నాడు. ఎక్కడి నుంచి వస్తాయి తాతా అంటే, "సైబీరియా" అన్నాడు. ఊళ్ళో అందరూ అదే చెబుతారు.

మ్యూజియంలో పనిచేయాలనుకునేవాళ్ళకు ఇది అసలైన పరీక్ష. గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ సైబీరియా పక్షులు కావు. ఇవి మన ఉపఖండపు పక్షులే, నీళ్ళు, చేపలు, చెట్లు చూసుకుని ఒక చోటి నుంచి ఇంకో చోటికి తిరుగుతాయి. అయితే ఆ తాతకు ఎదురుగా "తప్పు" అనేస్తే మీరు పనికిరారు. పిల్లలకు సైబీరియా అనే చెబితే అసలే పనికిరారు. నేను ఇలా చెబుతాను: "ఈ ఊరివాళ్ళు వీటిని ఆడపడుచులంటారు, అందుకే ఎవరూ రాయి విసరరు. ఇవి మనం అనుకున్నంత దూరం నుంచి రావు, మన దేశపు చెరువుల నుంచే వస్తాయి. అంటే ఆ చెరువులు ఎండిపోతే ఇక్కడి చింతచెట్టు ఖాళీ అవుతుంది." ఊరి మాటలో నిజం ఉంది, శాస్త్రంలోనూ నిజం ఉంది. రెండింటినీ ఒకే నోటితో చెప్పడం నేర్చుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో ఇంకో రకం కొంగలు, ఓపెన్‌బిల్ అంటారు. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది, నత్తలను తినే కొంగ అది. బైనాక్యులర్‌తో గూటిలోని పిల్లను చూడండి. దాని ముక్కులో సందు ఉండదు, పెరిగే కొద్దీ వస్తుంది. ఈ ఒక్క సంగతి చెప్పి, పదేళ్ళ పిల్లవాడిని చెట్టు కింద గంటసేపు నిలబెట్టవచ్చు.

గూళ్ళు లెక్కపెట్టి, తారీఖుతో రాసి, పక్షుల లెక్కలు నమోదుచేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో కూడా ఎక్కించండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఎన్ని చెట్లు కూలాయో మనకు తెలుసు. కానీ మీ ఊరి మర్రిచెట్టు మీద అంతకుముందు ఎన్ని గూళ్ళుండేవో ఎవరైనా రాసుకున్నారా? రాసుకుంటే ఆ కాగితం ఏ మ్యూజియం అయినా భద్రంగా దాచుకునే వస్తువు.

జీతం లేని పనికి మాత్రం ఒక హద్దు పెట్టుకోండి. రెండు మూడు నెలలు నేర్చుకోవడానికి చాలు. ఏళ్ళ తరబడి "అనుభవం వస్తుంది కదా" అని ఉచితంగా పనిచేయించుకునే చోట ఆగవద్దు. వెళ్ళేటప్పుడు ఏం చేశారో రాసి సంతకం చేసిన లెటర్ తప్పకుండా అడిగి తీసుకోండి.

ఏడో అడుగు: అరవై మాటల్లో రాయడం నేర్చుకోండి

అద్దం పక్కన ఉండే చిన్న బోర్డు రాయమని ఇంటర్వ్యూల్లో అడుగుతారు. ఇంట్లో ప్రాక్టీసు చేయండి. నేను కొత్తవాళ్ళకు ఇచ్చే వస్తువు వాలుగ చేప దవడ. చాలామంది మొదట ఇలా రాస్తారు: "వాలుగ. శాస్త్రీయ నామం వల్లాగో అట్టు. సిలూరిడే కుటుంబానికి చెందిన మంచినీటి మాంసాహార చేప." అందులో తప్పు లేదు, కానీ ఎవరూ చదవరు. ఆ దవడను చేతిలో పట్టుకుని దగ్గరగా చూడమంటాను. సన్నటి పళ్ళు, వరసలు వరసలుగా, అన్నీ లోపలికి వంగి ఉంటాయి. వేలితో లోపలి వైపు రాస్తే నున్నగా జారుతుంది, వెనక్కి లాగితే చర్మానికి పట్టుకుంటుంది. అప్పుడు మళ్ళీ రాయమంటాను. ఒక అమ్మాయి రాసింది ఇది:

"ఈ నోట్లోకి వెళ్ళిన చిన్న చేప వెనక్కి రాలేదు, పళ్ళన్నీ లోపలికే వంగి ఉన్నాయి చూడండి. పొందూరులో ఖాదీ నూలు వడికేవాళ్ళు ఇదే దవడతో పత్తిని దువ్వి శుభ్రం చేస్తారు. ఇంత సన్నటి దువ్వెన మనిషి చేయనక్కర్లేకపోయింది. వాలుగ చేప, మన నదుల్లో, చెరువుల్లో ఉంటుంది."

పొందూరు నుంచి వచ్చిన పెద్దావిడ ఒకరు ఆ బోర్డు ముందు నిలబడి మనవరాలికి పత్తి దువ్వడం చేతులతో చేసి చూపించారు. ఆ అమ్మాయి ఇప్పుడు నా సహోద్యోగి.

ఇలాగే ఆరుద్ర పురుగు గురించి రాసి చూడండి. ఆరుద్ర కార్తెలో తొలి వానలకు ఎర్రటి మఖమల్ ముక్కలా బయటికొచ్చే ఆ జీవికి కాళ్ళు ఎనిమిది. అంటే అది పురుగుల కంటే సాలీడుకు దగ్గరి చుట్టం. విజయనగరం వైపు వాళ్ళు గరివిడి దగ్గర కోడూరు గనుల రాయి మీద రాయండి. ఆ ఊరి పేరుతోనే భూగర్భ శాస్త్రంలో కోడురైట్ అనే రాయి ఉంది. తూర్పు కనుమల్లో అడుగడుగునా కనిపించే ఖోండలైట్‌కు ఆ పేరు కోందు గిరిజనుల పేరు మీద వచ్చింది.

ఎనిమిదో అడుగు: దరఖాస్తు

కేంద్ర ప్రభుత్వ సంస్థల ప్రకటనలు ఎంప్లాయ్‌మెంట్ న్యూస్‌లో, ఆ సంస్థల వెబ్‌సైట్లలో వస్తాయి. చూడవలసినవి: ప్రకృతి మ్యూజియాలు నడిపే పర్యావరణ మంత్రిత్వ శాఖ, జువలాజికల్ సర్వే, బొటానికల్ సర్వే, 1978లో కలకత్తా కేంద్రంగా ఏర్పడిన నేషనల్ కౌన్సిల్ ఆఫ్ సైన్స్ మ్యూజియమ్స్. తిరుపతి సైన్స్ సెంటర్ ఈ కౌన్సిల్‌దే. అందులో బీఎస్సీవాళ్ళకు ఎడ్యుకేషన్ అసిస్టెంట్, ఫైన్ ఆర్ట్స్‌వాళ్ళకు ఎగ్జిబిషన్ అసిస్టెంట్, డిప్లొమావాళ్ళకు టెక్నికల్ అసిస్టెంట్, ఐటీఐవాళ్ళకు టెక్నీషియన్ పోస్టులు పడుతుంటాయి. విశాఖ జూ, అటవీ శాఖ పర్యావరణ కేంద్రాల్లో ఎక్కువగా కాంట్రాక్టు పనులు ఉంటాయి.

నిజం చెప్పాలంటే పర్మనెంటు పోస్టులు తక్కువ, ప్రకటనల మధ్య ఏళ్ళు గడుస్తాయి. ఆ టెన్షన్ నేనూ పడ్డాను. అందుకే చాలామంది పరిశోధన ప్రాజెక్టుల్లో మొదలుపెడతారు. నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం వస్తాయి. ఆ కాలంలో చేసిన పనే తర్వాతి ఉద్యోగానికి ఆధారం. ఇంట్లోవాళ్ళకు ఈ లెక్క ముందే చెప్పి ఒప్పించండి.

భాషల సంగతి ఒకటి. రిజిస్టర్లు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, తప్పదు. హిందీ మాట్లాడగలగాలి. ఇచ్ఛాపురం, మందస, సోంపేట వైపు పిల్లలకు ఇంట్లోనో బజారులోనో ఒడియా వచ్చేస్తుంది కదా, దాన్ని బయోడేటాలో రాయరు. రాయండి. భువనేశ్వర్‌లో మీకంటే ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ళకు అది ఉండకపోవచ్చు.

చేరాక మొదటి ఆరు నెలలు

మీ శత్రువులు మూడు: చెమ్మ, వెలుతురు, పురుగు. మూడోది మొదట పట్టుకుంటుంది. కార్పెట్ బీటిల్ అనే చిన్న పురుగు పిల్ల పొడవునా నూగుతో ఉంటుంది, సీతాకోకచిలుకల డబ్బాలో దూరితే నెలలో సూదులే మిగులుతాయి. డబ్బా అడుగున సన్నటి గోధుమరంగు పొడి కనిపించిందంటే ఆ రోజు ఇంక వేరే పని పెట్టుకోకండి. డబ్బాను పాలిథిన్ కవర్లో గాలి చొరకుండా మూసి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. తీశాక కవరు వెంటనే విప్పవద్దు. గది వేడికి వచ్చేదాకా ఆగకపోతే చెమ్మ పట్టి రెక్కలు పాడవుతాయి. ఇంకో మాట, మామూలు గుండుసూదులు మన తీరపు గాలికి తుప్పు పడతాయి. పురుగుల కోసం చేసే స్టీలు సూదులే వాడండి.

పాతకాలపు జంతువుల బొమ్మలను ఉత్త చేతులతో ముట్టుకోకండి. ఒకప్పుడు చర్మానికి ఆర్సెనిక్ పూసేవారు, అది ఇప్పటికీ అలాగే ఉంటుంది. ఎండబెట్టిన మొక్కల పాత షీట్లకు (హెర్బేరియం అంటారు) పాదరసం మందు పూసి ఉండవచ్చు. గ్లోవ్స్, మాస్క్ అడిగి తీసుకోండి, ఇవ్వకపోతే కొనుక్కోండి. ఫార్మలిన్ సీసాలు కిటికీలు తెరిచి, ఫ్యాను వేసే విప్పండి.

రిజిస్టర్‌ను ఫొటోలు తీసి వేరే భవనంలో ఒక ప్రతి ఉంచమని పై అధికారిని అడుగుతూనే ఉండండి, విసుక్కున్నా సరే. 1978 జూన్ 5న ఢిల్లీలో తెరిచిన జాతీయ ప్రకృతి మ్యూజియం 2016 ఏప్రిల్ 26 తెల్లవారుజామున అగ్నికి ఆహుతైంది. వస్తువు కాలిపోయినా, అది ఎక్కడిదో, ఎప్పటిదో చెప్పే కాగితం ఇంకోచోట ఉంటే కొంతైనా దక్కుతుంది.

బీరువాలు సర్దేటప్పుడు ఏదో ఒక రోజు మీకు చీటీ లేని సీసా దొరుకుతుంది. పారేయకండి. చూడ్డానికి మన తీరపు చేపలా ఉందని "భీమిలి" అనో "కళింగపట్నం" అనో ఊహించి రాయకండి, తెలియని చోటు కంటే తప్పు చోటు ఎక్కువ నష్టం చేస్తుంది. సీసా అడుగున, మూత లోపల, మైనం కింద ఏదైనా నంబరు ఉందేమో టార్చి వేసి చూడండి. ఉంటే పాత రిజిస్టర్లలో ఆ నంబరు వెతకండి. లేకపోతే పెన్సిల్‌తో, దళసరి కాగితం మీద, "చోటు తెలియదు, తారీఖు తెలియదు" అని రాసి, చీటీ దొరకని సంగతి కనిపెట్టిన రోజు, మీ పేరు కింద రాసి, సీసాలో వేయండి.